పాలు తప్ప ముద్ద ముట్టని బిడ్డ

సంఘాల మహిళా సభ్యుల సమావేశాలకు వెళ్లినప్పుడు పచ్చిమేత, దాణా, చూడి పశువుల పోషణ గురించి మేము చెప్పవలసింది చెప్పి ముగించాక, చంకన బిడ్డతో ఒక తల్లి దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్న తరచు ఒకటి ఉంటుంది. “వీడికి ఎనిమిదో నెలండీ. ముద్ద పెడితే ఉమ్మేస్తాడు. గేదె పాలైతే గటగటా తాగేస్తాడు. సరేలే అని పాలే పోస్తున్నాం. పరవాలేదా?”

పశుపోషణ గురించి చెప్పవచ్చినవారిని ఈ మాట అడగడంలో వింతేమీ లేదు. పాలు మన ఇంటి సరుకు. పాడి లేని ఇంట్లో బిడ్డ ముద్ద తినకపోతే తల్లి ఏదో ఒకటి మార్చి మార్చి పెట్టి చూస్తుంది. పాడి ఉన్న ఇంట్లో పాలు చేతికందే దూరంలో, కాచి సిద్ధంగా ఉంటాయి. అందువల్ల ఈ చిక్కు మన ఇళ్లలో సులభంగా ముదురుతుంది.

పరవాలేదా అంటే, పరవా ఉంది. పాలమ్మే సమాఖ్య పత్రికలో బిడ్డకు పాలు తగ్గించమని రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. పాలు మంచి ఆహారం కాదని మేము ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. ఏ వయసుకు ఎంత అన్నదే ఇక్కడ మాట.

పాలలో లేనిది

బిడ్డ తల్లి కడుపులో ఉండగానే కొంత ఇనుమును ఒంట్లో దాచుకుని పుడుతుంది. నెలలు నిండి, తగిన బరువుతో పుట్టిన బిడ్డకు ఆ నిల్వ సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉన్నా, ఉన్నది బాగా ఒంటబడుతుంది. ఆరు నెలలు దాటేసరికి నిల్వ అడుగంటుతుంది. బిడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది గనుక కొత్త రక్తం కావాలి, దానికి ఇనుము కావాలి. అది తిండిలో నుంచే రావాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తరువాత తల్లిపాలు కొనసాగిస్తూనే వాటితోపాటు తిండి మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం.

గేదె పాలలో గాని, ఆవు పాలలో గాని ఇనుము నామమాత్రం. ఉన్న కాస్తా కూడా సరిగా ఒంటబట్టదు, పాలలోని కాల్షియం, కేసిన్ అనే మాంసకృత్తు దానికి అడ్డు తగులుతాయి. అంతేకాక, ఏడాది లోపు పిల్లలలో కొందరికి పశువుల పాలు ఎక్కువగా పడితే పేగులలో నుంచి కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. వెన్న 7 శాతం ఉన్న గేదె పాలు అర లీటరులో 500 కేలరీలకు పైగానే శక్తి ఉంటుంది. తొమ్మిది, పది నెలల బిడ్డకు రోజంతటికీ కావలసినది సుమారు 690 కేలరీలు. అంటే అర లీటరు పాలు పోస్తే ఆకలి దాదాపు ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతుంది. తల్లిపాలు కూడా తాగితే ఇక ముద్దకు చోటెక్కడ? ముద్ద తినడం లేదని పాలు పోస్తాం. పాలు పోసినందువల్ల ముద్ద తినదు. ఇలా నెలలు గడిచిపోతాయి.

నీళ్లు కలిపి పలుచన చేసి పోస్తున్నాం కదా అని కొందరంటారు. నీళ్లు కలిపితే ఉన్న బలం తగ్గుతుందే గాని లేని ఇనుము రాదు. పాలలో నీళ్లు కలిపితే ఏమవుతుందో మన సభ్యులకు మేము వేరే చెప్పనక్కరలేదు.

పాలమీదనే పెరిగిన బిడ్డ తరచు బొద్దుగానే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. “మా వాడు తెల్లగా, గుండ్రంగా ఉన్నాడు” అని మురిసిపోతాం. ఆ తెలుపు రక్తం పాలిపోయిన తెలుపు కావచ్చు. కింది కనురెప్పను మెల్లగా దించి లోపలి భాగం చూడండి, అరచేతులు చూడండి. ఎర్రదనం లేకుండా ఉంటే రక్తపరీక్ష చేయించాలి. రక్తం తగ్గిన బిడ్డకు ఆకలి కూడా మందగిస్తుంది. ఆటపాటల్లో చురుకు తగ్గుతుంది, కొందరు మట్టి, గోడ సున్నం తినడం మొదలుపెడతారు. మెదడు వేగంగా ఎదిగే వయసు ఇది. ఈ నెలల్లో పడిన లోటును తరువాత పూర్తిగా పూడ్చడం కష్టం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 70. ఇదంతా పాలవల్లనే అని మేము అనడం లేదు. కాని తిండి ఆలస్యం కావడం ఇందులో ఒక భాగం. అదే సర్వేలో 6 నుంచి 8 నెలల పిల్లలలో తల్లిపాలతోపాటు తిండి కూడా అందుతున్నవారు నూటికి 46 మందే.

దూడ విషయంలో మనకు తెలిసినదే

దూడకు పుట్టిన గంటలోనే జున్నుపాలు పట్టాలని మన సభ్యులకు తెలుసు. రెండో వారం నుంచే దూడ దాణా, లేత గడ్డి అందుబాటులో పెట్టాలనీ తెలుసు. తింటుందని కాదు, అలవాటు కావాలని. పాలు తాగిన వెంటనే మూతికి కాస్త దాణా రాస్తే నాకుతుంది, నాకి నాకి ఒకనాడు తొట్టిలో మూతి పెడుతుంది. పాలమీదనే ఉంచిన దూడకు నెమరు పొట్ట ఎదగదు, రక్తం కూడా పలచబడుతుంది. మనిషి బిడ్డకు నెమరు పొట్ట లేదు గాని, తినడం అనేది నేర్చుకోవలసిన పని అనడంలో ఇద్దరిదీ ఒకే దారి. దూడ మొదటి రోజు దాణా తినలేదని మనం దిగులు పడం. నోరు తెరచి కుక్కం. బిడ్డ దగ్గరకు వచ్చేసరికి ఆ ఓపిక ఎందుకో పోతుంది.

ఉమ్మడం అంటే వద్దనడం కాదు

పుట్టిన బిడ్డకు చప్పరించడం మాత్రమే తెలుసు. నోట్లోకి గట్టి వస్తువు ఏది వచ్చినా నాలుక దానిని ముందుకు నెట్టివేస్తుంది. ఇది బిడ్డకు ప్రకృతి ఇచ్చిన రక్షణ. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈ గుణం క్రమంగా తగ్గుతుంది. కొందరిలో ఇంకాస్త ఆలస్యం. కాబట్టి మొదటి రోజుల్లో పెట్టినదంతా గడ్డం మీదకు వస్తే బిడ్డకు రుచి నచ్చలేదని అర్థం కాదు. నాలుకతో ముద్దను వెనక్కు తీసుకుపోవడం, పక్కకు తిప్పడం, చిగుళ్లతో నలపడం ఒక్కొక్కటే నేర్చుకుంటుంది.

కొత్త రుచిని ఒప్పుకోవడానికి కూడా వ్యవధి కావాలి. ఒకే పదార్థాన్ని ఎనిమిది, పదిసార్లు, ఒక్కొక్కప్పుడు పదిహేనుసార్లు రుచి చూపాక గాని కొందరు పిల్లలు తినరు. మన ఇళ్లలో రెండుసార్లు ఉమ్మితే “వీడికి పప్పు పడదు” అని తీర్పు చెప్పేస్తాం. ఒక చెంచా చాలు, కాని రోజు విడిచి రోజైనా అదే పప్పు మళ్లీ కనిపించాలి.

బిడ్డ సిద్ధంగా ఉన్నదో లేదో చూసుకోవాలి. మెడ నిలబడి, ఆసరాతో కూర్చోగలిగి, మనం తింటుంటే చేయి చాస్తున్నదంటే సమయం వచ్చినట్లే. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. అన్నప్రాశనకు మంచిరోజు కుదరలేదని, చుట్టాలు రాలేదని ఎనిమిది, తొమ్మిది నెలలదాకా ఆగే ఇళ్లు కొన్ని ఉన్నాయి. ముహూర్తం ముహూర్తమే, పప్పుకట్టు రెండు చెంచాలు ఈలోగా పెట్టడానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదని మా అభిప్రాయం.

పెట్టే పద్ధతి

కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో నోట్లో ఒంపడం పాతకాలపు అలవాటు. ఇది ప్రమాదకరం. ఏడుస్తున్న బిడ్డ నోట్లో పోసినది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ఆముదం, నెయ్యి వంటివి అలా పోతే న్యుమోనియా వస్తుంది. అంతకంటే ముందు జరిగే నష్టం మరొకటి ఉంది. గిన్నె చూస్తేనే బిడ్డ మూతి బిగించడం నేర్చుకుంటుంది. తరువాత ఎంత రుచిగా వండినా లాభం లేదు.

బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. చిన్న చెంచాతోగాని, శుభ్రమైన వేలితోగాని కొద్దిగా తీసుకుని కింది పెదవికి తాకించి ఆగండి. బిడ్డ నోరు తెరచినప్పుడే లోపలికి. చెంచాను పై చిగురుకు గీకి ఖాళీ చేయకూడదు. తల పక్కకు తిప్పితే, చెంచాను నెట్టితే అది “చాలు” అనడం. ఆ మాట మన్నిస్తే మరుసటి పూట మళ్లీ నోరు తెరుస్తుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తిన్నా తినకపోయినా అంతటితో గిన్నె తీసేయాలి. వెంటనే “అయ్యో తినలేదే” అని పాలగ్లాసు అందించడమే అసలు పొరపాటు. బిడ్డ ఎంత చిన్నదైనా, ముద్ద కాదంటే పాలు వస్తాయని మూడు రోజుల్లో కనిపెడుతుంది.

కడుపు నిండా తాగిన వెంటనే తినదు. ఆకలి మరీ ముదిరి గుక్కపెట్టి ఏడుస్తున్నప్పుడూ తినదు. తల్లిపాలు తాగి గంటా గంటన్నర అయ్యాక, నిద్రమత్తు లేని వేళ మంచిది. అప్పటికీ విసుక్కుంటే కాస్త తల్లిపాలు పట్టి, ఆవురావురుమనడం తగ్గాక పెట్టిచూడండి. చేత్తో ముట్టుకుని, పిసికి, ముఖానికి పూసుకుంటే పూసుకోనివ్వండి. పెద్దవాళ్లు తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటే చూసి నేర్చుకుంటుంది. సెల్‌ఫోనులో బొమ్మలు చూపించి, నోరు తెరచినప్పుడు ముద్ద దూర్చడం ఈ మధ్య ఊళ్లలో కూడా వచ్చింది. ముద్ద లోపలికి పోతుంది గాని బిడ్డ తినడం నేర్చుకోదు.

ఏమి పెట్టాలి, ఎంత

మొదట పలుచని జావతో మొదలుపెట్టి అక్కడే నెలల తరబడి ఆగిపోవడం చాలా ఇళ్లలో చూస్తాం. బిడ్డ పొట్ట పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడున్నర కిలోల బిడ్డకు ఒకసారికి పావు లీటరు కంటే తక్కువే. ఆ కొద్ది చోటును నీళ్లతో నింపితే బలం ఎక్కడినుంచి వస్తుంది? చెంచాను వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కదనం ఉండాలి.

బియ్యం మూడు వంతులు, పెసరపప్పు ఒక వంతు కడిగి, ఎండబెట్టి, దోరగా వేయించి మరపట్టిన ఉగ్గు పొడి మన ఇళ్లకు కొత్త కాదు. దానిని ఉడికించి అర చెంచా నెయ్యి వేసి పెట్టండి. చెంచా నెయ్యి, అంటే 5 గ్రాములు, సుమారు 45 కేలరీలు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు పోను తిండినుంచి రావలసినది రోజుకు సుమారు 200 కేలరీలే. రోజుకు ఒక్క చెంచా నెయ్యితో అందులో ఐదో వంతుకు పైగా వచ్చేస్తుంది. పాడి ఉన్న ఇంటి భాగ్యం బిడ్డకు ఇలా పనికి రావాలి. ఇంటి పెరుగు కూడా ఆరు నెలల తరువాత మంచిదే. అన్నంలో, జావలో కలిపే కొద్దిపాటి కాచిన పాలవల్ల ముప్పు లేదు. ముద్దకు బదులుగా గ్లాసులతో పోయడమే వద్దంటున్నది.

రాగులు, గోధుమలు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి ఉంచుకుంటే మరొక సౌకర్యం. ఉడికించిన చిక్కని జావలో ఆ పిండి కొద్దిగా వేసి ఒక పొంగు రానిస్తే జావ పలచబడి మింగడానికి సులువవుతుంది, నీళ్లు పోయకుండానే. ముద్ద మింగలేక తంటాలు పడే బిడ్డకు ఇది బాగా పనికివస్తుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ మన సభ్యులలో పెద్దవారికి గుర్తుండవచ్చు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగపప్పు 10, బెల్లం 20. అంతా కలిపి సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. మామూలు బరువున్న, ఏడాది లోపు బిడ్డకు బెల్లం మానేసి ఇదే పిండి వాడుకోవచ్చు. ఏడాది లోపు ఉప్పు, పంచదార అక్కరలేదు. తేనె అసలే పనికిరాదు, అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిబిడ్డకు నరాలు చచ్చుబడే జబ్బు తేగలదు. అంగన్‌వాడీలో ఏడు నెలలు నిండిన పిల్లలకు ఇచ్చే బాలామృతం బిడ్డదే. ఇంటిల్లిపాదికీ లడ్డూలు కావడానికో, కుడితి తొట్టిలో పడడానికో కాదు.

ఇనుము కోసం బాగా ఉడికించి మెదిపిన గుడ్డు, తినే ఇళ్లలో మెత్తగా ఉడికిన కార్జం, ముళ్లు తీసిన చేప, మాంసం ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. తినని ఇళ్లలో పప్పులు, రాగి, మునగాకు, తోటకూర. ఆకుకూర పప్పులో రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. టీలో ముంచిన బిస్కట్టు సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేస్తుంది. టీ ఇనుమును పట్టి ఉంచుతుంది, బిస్కట్టు ఆకలిని చంపుతుంది. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర టీ తాగుతూ ఒళ్లోని బిడ్డకు అదే అందించే తాతలు, దయచేసి ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవగలరు.

మొదట పూటకు రెండు మూడు చెంచాలు. క్రమంగా ఎనిమిది నెలలకు అర కప్పు, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నెలలనుంచి మూడు నాలుగుసార్లు. ఇక్కడ కప్పు అంటే పావు లీటరుది. తొమ్మిది, పది నెలలు దాటినా అన్నీ మెత్తగా రుబ్బే పెడుతుంటే, పలుకును చూసి భయపడే అలవాటు నిలిచిపోతుంది. ఎనిమిదో నెలనుంచే చేత్తో చిదిమిన అన్నం, ఉడికిన గుమ్మడి ముక్క, పండిన అరటిపండు ముక్క చేతికివ్వాలి. పళ్లు రానవసరం లేదు, చిగుళ్లు గట్టివే.

పాలు పిండే వేళ

మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది, ఇది పుస్తకాలలో ఉండదు. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు తల్లి కొట్టంలోనో, పాలకేంద్రం వరుసలోనో ఉంటుంది. బిడ్డకు ఆకలి వేసే వేళలూ అవే. నాయనమ్మ ఏడుపు ఆపడానికి సీసా అందుకుంటుంది. ఆమెను తప్పు పట్టవలసిన పని లేదు, ఆమె చేతికి మరొకటి అందించాలి. పెద్ద పనివేళకు ముందే తల్లిపాలు పట్టి, కేంద్రం నుంచి తిరిగి వచ్చాక ఎనిమిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఏడింటికి ముద్ద పూటలుగా పెట్టుకున్న ఇళ్లలో పని సులువుగా జరుగుతున్నది. బిడ్డ తండ్రి ఒక పూట క్యాను మోసుకుపోతే మరీ మంచిది. సీసా మాత్రం మానేయండి. పాలైనా, నీళ్లైనా గిన్నెతోనే.

పొదుగు ముట్టిన చేతులు సబ్బుతో కడగకుండా బిడ్డ ముద్ద కలపరాదు. వేసవిలో చల్లపరచని పాలు క్యానులో రెండు గంటలు నిలిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లం. కలిపిన ముద్దకూ అదే గతి. మిగిలింది సాయంత్రానికి దాచవద్దు.

ఇప్పటికే పాలమీద పడిన బిడ్డను ఒక్కరోజులో మాన్పించాలని చూడవద్దు. మూడు నాలుగు రోజులకు ఒక పూట చొప్పున పశువుల పాలు తీసివేస్తూ, ఆ పూటకు ముద్ద చూపండి. తల్లిపాలు తగ్గించనక్కరలేదు. వారం పది రోజులు మారాం చేస్తుంది, తక్కువ తింటుంది, అది తట్టుకోవాలి. తల్లిపాలు దొరకని బిడ్డ సంగతి వేరు. ఆరు నెలలు దాటాక కాచిన పశువుల పాలు ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, కాని తిండి, ఇనుము మందుతోపాటు, డాక్టరు చెప్పిన కొలతలో. ఏడాది నిండాక ఎవరికైనా రోజుకు అర లీటరు మించనవసరం లేదు.

ఓకరింపు, గొంతు పట్టడం

ముద్ద కాస్త గట్టిపడగానే బిడ్డ ఓకరిస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇది చూసి భయపడి మళ్లీ జావకు దిగిపోతారు. చప్పుడు చేస్తూ, దగ్గుతూ, ముఖం ఎర్రబడితే అది ఓకరింపు. పసిబిడ్డకు ఓకరింపు నాలుక ముందు భాగంలోనే పుడుతుంది, నెలలు గడిచేకొద్దీ వెనక్కు పోతుంది. పక్కనే నిబ్బరంగా కూర్చుంటే చాలు.

చప్పుడు రాకుండా, దగ్గలేక, పెదవులు నీలమైతే గొంతు పట్టినట్లు. బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు కొట్టాలి. బయటపడకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కాస్త దిగువన రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. పడేవరకు మార్చి మార్చి చేస్తూ మరొకరిచేత 108కు ఫోను చేయించాలి. కనిపించని దానికోసం నోట్లో వేలు పెట్టి వెతికితే ఇంకా లోపలికి పోతుంది. పల్లీలు, శనగలు, ద్రాక్షపండు, పచ్చి క్యారెట్ ముక్క ఈ వయసుకు అలాగే ఇవ్వకూడదు. పల్లీ పొడి చేసి పెట్టవచ్చు.

ఇంటి ఓపిక చాలనప్పుడు

కొందరు పిల్లల ఇబ్బంది అలవాటుది కాదు. తిన్న ప్రతిసారీ దగ్గు, చెమట, ఆయాసం వస్తున్నా, పాలు ముక్కులోంచి వస్తున్నా, ఎనిమిది నెలలకు ఆసరాతో కూడా కూర్చోలేకపోయినా, రెండు నెలలపాటు అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పైకి పోకపోయినా, పది నెలలు వచ్చినా పలుచనివి తప్ప మింగలేకపోయినా నాటు మందులతో కాలం గడపక డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నెలకొల్పిన డి.ఇ.ఐ.సి. కేంద్రాలలో ఇటువంటి పిల్లలకు మింగడం, నమలడం నేర్పేవారు ఉంటారు. ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతారు.

ఆమెనే ఇనుము సిరప్ కూడా అడగండి. 2018లో ప్రారంభమైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక మిల్లీలీటరు చొప్పున ఇవ్వాలని నిర్ణయించారు. దానిని పాలలో కలిపి పట్టవద్దు, తిన్నాక విడిగా ఇవ్వండి. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. జ్వరం ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలి. తలసేమియా ఉన్న పిల్లలకు డాక్టరు చెప్పనిదే ఇవ్వకూడదు.